మామూలు యూజర్ లాగిన్‌లో లైనక్స్ కంటైనర్ 'పర్మిషన్ డినైడ్' అంటే ఏం చేయాలి?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం కాలేజీ ల్యాబుల్లో ఒకే మెషీన్‌ని పదిమంది వాడుకునేచోట అందరికీ రూట్ (మెషీన్ మీద సర్వహక్కులున్న యూజర్) పాస్‌వర్డ్ ఇవ్వలేం. ఎవరి లాగిన్‌లో వాళ్లు ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్, అంటే మెషీన్ లోపలే విడిగా నడిచే చిన్న లైనక్స్, నడుపుకోవడమే దారి. కాకపోతే మొదటిసారి అది మొండికేస్తుంది.

పాతపట్నం మండలంలో సర్పంచి అయినా, ఏరు దాటి పర్లాకిమిడిలో అడుగుపెడితే మామూలు మనిషే. కంటైనర్‌లోని రూట్ సంగతీ అంతే. లోపల అతని యూజర్ నంబరు 0, బయట అసలు మెషీన్ లెక్కలో 100000. ఆ బయటి నంబరుకి మీ ఫైళ్ల మీద ఏ హక్కూ ఉండదు.

ముందు లాగ్ తీయండి. ఎల్‌ఎక్స్‌సీ-స్టార్ట్‌కి పెద్ద ఎఫ్ ఆప్షన్, డీబగ్ లెవెల్, లాగ్ ఫైలు పేరు ఇవ్వండి. చివరి లైను కాదు, మొదట వచ్చిన ఎర్రర్ చదవండి. మిగతావి దాని వెనకాల వచ్చేవే.

'న్యూయూఐడీమ్యాప్' (లోపలి నంబర్లని బయటి నంబర్లకి కలిపే టూల్) అని కనిపిస్తే ఈటీసీ ఫోల్డర్‌లోని సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ ఫైళ్లు చూడండి. మీ పేరు, 100000 (మొదటి నంబరు), 65536 (ఎన్ని నంబర్లో) అని ఉంటే మీ కాన్ఫిగ్‌లోని ఐడీమ్యాప్ లైన్లలోనూ అవే అంకెలుండాలి. పక్కవాడి కాన్ఫిగ్ కాపీ కొట్టినవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. రెండో యూజర్ వరస సాధారణంగా 165536 నుంచి మొదలవుతుంది.

హోమ్ ఫోల్డర్ పేరు చెప్పి ఆగిపోతే కారణం వేరు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్ల పర్మిషన్ 750, బయటివాళ్లకి ఏ హక్కూ లేదు. అంటే 100000 నంబరువాడు గుమ్మం కూడా దాటలేడు. సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌తో ఆ నంబరుకి ఎక్స్ (ఫోల్డర్ దాటి వెళ్లే హక్కు) ఒక్కటే ఇవ్వండి: హోమ్‌కి, అందులోని డాట్ లోకల్‌కి, దాని లోపలి షేర్‌కి. ఒక్కటి వదిలినా తలుపు మూసినట్టే. నేమీ కమాండ్‌కి ఎల్ ఆప్షన్ ఇచ్చి దారి పొడుగునా పర్మిషన్లు చూసుకోవచ్చు. విసుగొచ్చి 777 కొట్టకండి, ల్యాబ్‌లో అందరూ మీ ఫైళ్లు చెరిపేయగలరు.

సీగ్రూప్ (ప్రోగ్రాములకి మెమరీ, సీపీయూ వాటాలు పంచే ఏర్పాటు) ఎర్రర్ వస్తే, ఎస్‌యూ కమాండ్‌తో యూజర్ మారారేమో చూడండి. అలా మారితే, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ మీ పేరున సెషన్ తెరవదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో నేరుగా లాగిన్ అయి, సిస్టమ్‌డీ-రన్‌లో యూజర్, స్కోప్ ఆప్షన్లు, డెలిగేట్ ఈక్వల్స్ యెస్ (yes) పెట్టి స్టార్ట్ చేయండి.

నెట్‌వర్క్ దగ్గర ఆగితే ఈటీసీ ఎల్‌ఎక్స్‌సీలోని ఎల్‌ఎక్స్‌సీ-యూజర్‌నెట్ ఫైల్లో అడ్మిన్ చేత ఒక లైను రాయించండి: మీ పేరు, వీఈటీహెచ్ (ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు రకం), ఎల్‌ఎక్స్‌సీబీఆర్0 (అది తగిలించే బ్రిడ్జి), 10. ఆ 10 మీకిచ్చే నెట్‌వర్క్ కార్డుల లెక్క.

సూడో (రూట్ హక్కుతో నడిపే కమాండ్) పెట్టి స్టార్ట్ చేయబోతే మాత్రం మీ కంటైనర్ అసలు లేదంటుంది. అది వెతికేది రూట్ కంటైనర్లుండే వేరే ఫోల్డర్‌లో.