ఖాళీ డబ్బా చూసి మురిసిపోయాను

మా వాడు ఐదో తరగతి, హనుమకొండలో ఆటోలో స్కూలుకు పోయి వస్తాడు. నిరుడు చలికాలమంతా టిఫిన్ డబ్బా కడిగినట్టు ఖాళీగా వచ్చేది. సర్వపిండి పెడితే ముక్క మిగిలేది కాదు. బాగా తింటున్నాడని మురిసిపోయాను. మరి ఇంటికి రాగానే బ్యాగు పడేసి అన్నం గిన్నె మీద ఎందుకు పడుతున్నాడో ఆలోచించలేదు. ఒక రోజు "అమ్మా, రేపు రెండు డబ్బాలు పెట్టవా?" అన్నాడు. ఆటోలో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు గుంజుకొని తింటున్నారట. ఇవ్వకపోతే బూట్లు బయటికి విసిరేస్తారట. మూడు నెలలుగా! నేనేమో సర్కారు బడిలో టీచర్ని.

కాబట్టి పిల్లల్ని తోటి వాళ్లు వేధిస్తున్నారేమో (బుల్లీయింగ్) తెలియాలంటే దెబ్బల కోసం వెతక్కండి, మారిన అలవాట్లు చూడండి. ఆదివారం సాయంత్రం మొదలయ్యే కడుపునొప్పి, రోజుకో పెన్ను పోవడం, స్కూల్లో బాత్‌రూమ్‌కు పోకుండా ఆపుకోవడం. నొప్పి నాటకం అనుకోవద్దు, భయానికి నిజంగానే కడుపు నొస్తుంది.

పిల్లల కొట్లాట వేరు, ఈ వేధింపు వేరు. నార్వేలో పనిచేసిన పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదురు తిరగలేని వాళ్ల మీద చేయడం.

"ఎవడు వాడు?" అని నిలదీస్తే నోరు తెరవరు. నేను బండి మీద భద్రకాళి చెరువు కట్టకు తీసుకుపోయి, "ఆటోలో ఎవరెక్కడ కూర్చుంటారు?" అని మాత్రం అడిగాను. మక్కకంకి సగం అయ్యేసరికి మొత్తం చెప్పాడు.

తర్వాత తప్పు చేశాను. మర్నాడు ఆటో దగ్గరే ఆ పిల్లలను అందరి ముందు తిట్టాను. వారం తిరక్కుండా మా వాడికి 'అమ్మకూచి' అని పేరు పడింది. "నువ్వూ రెండు తగిలించు" అన్న వీడి బాపు సలహా అంతకన్నా దండగ. వీడు వాళ్ల భుజం దాకా రాడు.

పనిచేసింది కాగితం. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారు, ఎవరు చూశారు అని ఒక పేజీ రాసి క్లాస్ టీచర్‌కు ఇచ్చాను, కాపీ దగ్గర పెట్టుకున్నాను. "చూస్తాం మేడమ్" అనగానే లేచి రాకండి. ఏం చేస్తారో, మళ్లీ ఏ తేదీకి రావాలో అడగండి. ఆటో అన్న కూడా సీటు మార్చి ఏడో తరగతి అమ్మాయి పక్కన కూర్చోబెట్టాడు. ఆ పిల్ల చేసిందల్లా వీడితో కబుర్లు చెప్పడమే. చూస్తూ నవ్వే వాళ్లలో ఒక్కరు ఇటు జరిగినా ఏడిపించే వాళ్లకు ఆట సాగదు.

నాన్చితే నిద్ర, చదువు పాడవుతాయి. కొందరిలో ఆ దిగులు పెద్దయ్యాక కూడా పోదు. "చచ్చిపోతా" అన్న మాట ఒక్కసారి వినపడినా పరీక్షలయ్యాక చూద్దాం అనొద్దు, ఆ రాత్రే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

మా వాడి డబ్బా ఇప్పుడు సగం నిండుగానే తిరిగొస్తోంది. కాకరకాయ ఎందుకు పెట్టావని ఒకటే లొల్లి.