పిల్లల హోమ్ పెట్టాలంటే రిజిస్ట్రేషన్‌కు ఎలా దరఖాస్తు చేయాలి?

ఆసరా లేని పిల్లల కోసం హోమ్ పెట్టాలనుకునే వాళ్లు చాలామంది ముందు ఒక భవనం చూస్తారు, తర్వాత దాతల్ని వెతుకుతారు, పిల్లలు చేరాక కాగితాల సంగతి చూసుకుందాం అనుకుంటారు. ఉద్దేశం ఎంత మంచిదైనా చట్టం ఈ వరుసను ఒప్పుకోదు. ముందు దరఖాస్తు చేయాలి, పిల్లలు ఆ తర్వాతే రావాలి.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల్ని గానీ, చట్టంతో ఘర్షణ పడిన, అంటే నేరం చేశారని ఆరోపణ ఉన్న, పిల్లల్ని గానీ ఉంచే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలని దాని 41వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ గ్రాంటు తీసుకోకుండా సొంత డబ్బుతో నడిపినా మినహాయింపు లేదు. ప్రభుత్వమే నడిపే హోమ్‌లకూ ఇదే నిబంధన. బాలల గృహాలు, ఓపెన్ షెల్టర్లు, అబ్జర్వేషన్ హోమ్‌లు, దత్తత ఏజెన్సీలు అన్నీ దీని కిందికి వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దరఖాస్తు చేయడంలో జరిగే ప్రతి 30 రోజుల ఆలస్యాన్నీ విడి నేరంగా లెక్కిస్తారు.

ఇంత గట్టిగా ఎందుకు అని అడిగేవాళ్లు ఉన్నారు. బీహార్‌లోని ముజఫర్‌పూర్ షెల్టర్ హోమ్‌లో ఆడపిల్లలపై జరిగిన లైంగిక దాడులు 2018లో బయటపడ్డాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ చేసిన సోషల్ ఆడిట్ వల్లే ఆ సంగతి వెలుగులోకి వచ్చింది. అది ప్రభుత్వ నిధులతో నడిచిన హోమ్. గోడల లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లు వచ్చి చూడకపోతే పిల్లల మాట ఎవరి చెవినా పడదు. రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారంలో ఉన్న ప్రతి ప్రశ్న వెనుకా ఈ భయమే ఉంది. అది న్యాయమైన భయం.

దరఖాస్తులో ఏముండాలి

కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం దరఖాస్తు ఫారం 27లో చేయాలి. రాష్ట్రాలు తమ సొంత నియమాలు పెట్టుకోవచ్చు కాబట్టి, ఫారం నింపే ముందు మీ జిల్లాలోని బాలల పరిరక్షణ విభాగానికి, అంటే డీసీపీయూకి, వెళ్లి తాజా నమూనా తీసుకోండి. ఏ కాగితం ఎన్ని కాపీలు కావాలో అక్కడే తెలుస్తుంది, అనవసరంగా తిరిగే పని తప్పుతుంది.

సంస్థ సొసైటీ అయినా ట్రస్టు అయినా దాని నియమావళి, బైలాస్, పాలకవర్గ సభ్యుల జాబితా, గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఇప్పటిదాకా చేసిన సేవ వివరాలు జతచేయాలి. వీటిలో పెద్ద చిక్కేమీ ఉండదు, ఆడిటర్ సాయంతో సిద్ధమైపోతాయి.

అసలు ఆగి ఆలోచించాల్సింది డిక్లరేషన్ దగ్గర. సంస్థ మీద గానీ, నడిపే వ్యక్తి మీద గానీ గతంలో శిక్ష పడిందా, పిల్లల్ని హింసించిన చరిత్ర ఉందా, బాలకార్మికుల్ని పెట్టుకున్నారా, ఏ ప్రభుత్వమైనా బ్లాక్‌లిస్టులో పెట్టిందా అన్న వాటికి ఇక్కడ జవాబు రాసిస్తారు. దీన్ని కళ్లు మూసుకుని సంతకం పెట్టే కాగితంగా చూడొద్దు. పాలకవర్గంలోని ప్రతి ఒక్కరితో కూర్చుని చదివించి, నిజమని తేలాకే సంతకం చేయండి.

దీనితోపాటు సిబ్బంది పోలీసు వెరిఫికేషన్ కూడా మొదలుపెట్టాలి. పిల్లలు ఉండే సంస్థలు, పిల్లలతో రోజూ మెలిగే సంస్థలు తమ ఉద్యోగులందరి నేపథ్యాన్నీ ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) నియమాలు 2020 చెబుతున్నాయి. వంటమనిషి, డ్రైవర్, కాంట్రాక్టు మీద వచ్చే వాచ్‌మన్ కూడా ఇందులోకి వస్తారు. పగలు మాత్రమే పిల్లల్ని చూసుకునే క్రెచ్‌లకు 41వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వర్తించదు గానీ, ఈ వెరిఫికేషన్ నిబంధన వాటికీ ఉంది. ‘తెలిసినవాళ్లే కదా, వెరిఫికేషన్ ఎందుకు’ అనే మాట వినపడితే అక్కడే ఆపండి. పిల్లలకు హాని చేసేవాళ్లు చాలాసార్లు తెలిసినవాళ్లలోనే ఉంటారు.

భవనం గురించి

దరఖాస్తు అందాక అధికారులు చూడటానికి వస్తారు. నమూనా నియమాలు 50 మంది పిల్లల లెక్కన కొలతలు ఇచ్చాయి. పడక గదిలో ఒక్కో బిడ్డకు సుమారు 40 చదరపు అడుగులు, అందరికీ కలిపి 5 స్నానాల గదులు, 8 మరుగుదొడ్లు ఉండాలి. వంటగది, భోజనశాల, జబ్బుపడినవాళ్లకు వేరే గది, కౌన్సెలింగ్ గది, ఆటస్థలం కూడా చూస్తారు. ఆడపిల్లల హోమ్ అయితే ఇన్‌చార్జితో సహా సిబ్బంది అంతా మహిళలే ఉండాలి.

సలహాల పెట్టె చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. అది ఆఫీసుకు దూరంగా, పిల్లల చేతికి అందేలా ఉండాలి. దాని తాళంచెవి హోమ్ ఇన్‌చార్జి దగ్గర ఉండకూడదు, నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాళ్లే పెట్టె తెరిస్తే ఏ బిడ్డా చీటీ వేయదు.

దరఖాస్తు ఇచ్చాక

రసీదు తప్పకుండా తీసుకుని భద్రపరచండి. దరఖాస్తు అందిన నెలలోపు ప్రభుత్వం తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. అది గరిష్ఠంగా ఆరు నెలలు చెల్లుతుంది. నెలలోపు ఏ కాగితమూ రాకపోతే, దరఖాస్తు ఇచ్చినట్టున్న ఆ రసీదునే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌గా పరిగణిస్తారు. ఆరు నెలల్లో దరఖాస్తు తేల్చకపోతే అది సంబంధిత అధికారి విధి నిర్లక్ష్యం కిందికి వస్తుంది. ఈ మాట చట్టంలోనే ఉంది కాబట్టి ఫైలు కదలకపోతే టెన్షన్ పడకుండా, 41వ సెక్షన్‌ను పేర్కొంటూ పై అధికారికి లిఖితపూర్వకంగా రాయండి. 2021 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ సిఫార్సును చూశాకే ప్రభుత్వం సంస్థ సామర్థ్యాన్ని, ఉద్దేశాన్ని నమోదు చేస్తుంది. అందుకే కలెక్టరేట్‌లో ఫైలు ఎంతవరకు వచ్చిందో కూడా కనుక్కుంటూ ఉండాలి. అన్నీ సరిపోతే ఫారం 28లో సర్టిఫికెట్ వస్తుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చినా పిల్లల్ని మీ ఇష్టప్రకారం చేర్చుకోవడానికి వీల్లేదు. ఒంటరిగా దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. ఎక్కడ ఉంచాలో కమిటీ చెబుతుంది. ఎవరో తెచ్చి గుమ్మం దగ్గర వదిలేసి వెళ్లినా, అమ్మే స్వయంగా వచ్చి ‘కొన్నాళ్లు చూసుకోండి’ అని బతిమాలినా, మొదట పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ కమిటీకి గానీ చెప్పాలి. అలాగే కమిటీ పంపిన బిడ్డను, సామర్థ్యం ఉన్నంతవరకు, చేర్చుకోవడం సంస్థ బాధ్యత.

తనిఖీ కమిటీ కనీసం మూడు నెలలకోసారి వస్తుంది. బృందంలో ముగ్గురికి తక్కువ ఉండరు, వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. వాళ్లొచ్చే రోజున పిల్లలకు కొత్త బట్టలు వేసి, ఏం మాట్లాడాలో నేర్పించి కూర్చోబెట్టొద్దు. పిల్లలతో వాళ్లను ఒంటరిగా మాట్లాడనివ్వండి.

రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది. తర్వాత ప్రతి అయిదేళ్లకూ పునరుద్ధరించుకోవాలి, గడువు ముగియడానికి చాలా ముందే డీసీపీయూని కలవండి. పిల్లల పునరావాసానికి చట్టం చెప్పిన సేవలు అందించని సంస్థ రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వం రద్దు చేయవచ్చు, లేదా ఆపి ఉంచవచ్చు. తిరిగి రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఆ హోమ్‌ను ప్రభుత్వమే నడుపుతుంది.