ట్రై-క్యాచ్‌లు తీసేయండి, ఒక్క క్లాస్ చాలు

స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో వెబ్ సర్వీసులు రాసేవాళ్లకి ఒక చిట్కా. ప్రతి కంట్రోలర్ (రిక్వెస్ట్‌లు అందుకునే క్లాస్) మెథడ్‌లోనూ ట్రై-క్యాచ్ (ఎర్రర్ పట్టే కోడ్) పెట్టి, ఒక్కోచోట ఒక్కోలా ఎర్రర్ మెసేజ్ పంపే పని మానేయండి. విడిగా ఒక క్లాస్ రాసి, దాని నెత్తిన @రెస్ట్‌కంట్రోలర్‌అడ్వైస్ పెట్టండి. అన్ని కంట్రోలర్లలో వచ్చే ఎర్రర్లూ దాని దగ్గరికే వస్తాయి. లోపల ఒక్కో రకం ఎర్రర్‌కి ఒక మెథడ్, దానిమీద @ఎక్సెప్షన్‌హ్యాండ్లర్. ఆర్డర్ దొరక్కపోతే 404, పంపిన డేటా తప్పయితే 400 అనే స్టేటస్ కోడ్ పంపండి. కంట్రోలర్లు సగానికి సగం తేలికవుతాయి.

స్ప్రింగ్ 6 నుంచి ప్రాబ్లమ్‌డిటైల్ అనే క్లాస్ ఉంది. అందులో ఎర్రర్ స్టేటస్, టైటిల్, డిటైల్ అన్నీ ఒకే పద్ధతిలో వెళ్తాయి. ఎర్రర్ పంపడానికి సొంత జేసన్ ఫార్మాట్ కనిపెట్టక్కర్లేదు.

నేను బోల్తాపడ్డ చోటు చెప్తాను. ఎందుకైనా మంచిదని అన్ని ఎక్సెప్షన్లనీ పట్టే హ్యాండ్లర్ ఒకటి రాసి 500 (సర్వర్‌లో తప్పు) పంపాను. అంతే, @వ్యాలిడ్ (పంపిన డేటాని తనిఖీ చేసేది) దగ్గర ఫెయిలైనవి కూడా 400 బదులు 500గా వెళ్లాయి! నా క్లాస్‌తో, స్ప్రింగ్ సొంత ఎర్రర్లకి సరైన కోడ్ పంపే రెస్పాన్స్‌ఎంటిటీఎక్సెప్షన్‌హ్యాండ్లర్‌ని ఎక్స్‌టెండ్ చేశాకే సర్దుకుంది. అన్నీ పట్టే ఆ హ్యాండ్లర్‌లో స్టాక్ ట్రేస్‌ని (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ వచ్చిందో చూపే జాబితా) లాగ్‌లో రాయడం మర్చిపోకండి, యూజర్‌కి మాత్రం పంపకండి.

అన్నట్టు, కంట్రోలర్ కంటే ముందే రిక్వెస్ట్‌ని తనిఖీ చేసే సెక్యూరిటీ ఫిల్టర్లలో వచ్చే ఎర్రర్లు ఈ క్లాస్ దాకా రావు. వాటిని అక్కడే చూసుకోవాలి.