రికార్డు ప్లేయర్‌లో చిటపటలు ఇలా తగ్గాయి

నాన్న దాచుకున్న ఎల్పీ రికార్డులు, ఎండాకాలం వస్తే చాలు, మా హైదరాబాద్ ఇంట్లో పాట మధ్యలో చిటపటలాడేవి. సూది అరిగిపోయిందేమోనని టెన్షన్ పడి కొత్తది వేయించాను. తేడా లేదు. ఒకరోజు కవర్లోంచి రికార్డు తీస్తుంటే చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అసలు సంగతి స్టాటిక్, అంటే రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు! రికార్డును పీవీసీతో చేస్తారు. కాగితం కవరుకు రాసుకుంటే దాని మీద ఛార్జ్ నిలిచిపోయి దుమ్మును లాక్కుంటుంది. గాలిలో తేమ తగ్గేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. నేనేమో రోజూ పొడి పాలియెస్టర్ గుడ్డతో గట్టిగా రుద్దేవాణ్ణి. ఆ రాపిడే ఛార్జ్‌ను ఇంకా పెంచింది.

ఇప్పుడు పాట పెట్టేముందు, తిరుగుతున్న రికార్డు మీద కార్బన్ ఫైబర్ బ్రష్‌ను రెండు చుట్లు తేలిగ్గా ఆనిస్తాను. బ్రష్‌ను లోహపు భాగం దగ్గర పట్టుకుంటే ఛార్జ్ ఆ పోగుల గుండా చేతిలోకి దిగిపోతుంది. కాగితం కవర్లు తీసేసి యాంటీ స్టాటిక్ కవర్లు వేశాను. సూదిని మాత్రం వెనక నుంచి ముందుకే తుడవాలి. అడ్డంగా తుడిస్తే వంగిపోవచ్చు. యాంప్లిఫయర్‌ను ప్లగ్ తీశాకే, తడిపి బాగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో పైపైన తుడుస్తున్నాను.

నాన్న గొంతు కలిపి పాడుకునే పాట మొన్న చాలా ఏళ్లకు శుభ్రంగా వినిపించింది.