పోంటే వెక్కియో మీద బంగారం కొట్లు: ఎప్పుడెళ్లాలి, ఎక్కడ నిలబడాలి

ఇటలీలో ఫ్లోరెన్స్ వెళ్తున్న మా పెదవాల్తేరు పక్కింటి వదినకి చెప్పిందే మీకూ చెబుతున్నా. పొద్దున్న ఏడున్నరకల్లా ఈ పోంటే వెక్కియో వంతెన మీదుండండి. శాంటా మరియా నొవెల్లా స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక, అంతే. అప్పటికి కొట్లు తెరవరు. నన్నడిగితే అదే అసలు అందం: ఇనప పట్టీలు కొట్టిన చెక్క తలుపులు మూసేసి, మా అమ్మమ్మ భోషాణాలు వరసగా పేర్చినట్టుంటాయి. తెరిచాక మన వైజాగ్ కురుపాం మార్కెట్లో అక్షయ తృతీయే!

1345లో కట్టిన వంతెన. ఒకప్పుడు మాంసం కొట్లుండేవి. కంపు పడలేక 1593లో పాలకుడు మొదటి ఫెర్డినాండో వాళ్లని లేపేసి కంసాలుల్ని కూర్చోబెట్టాడు. తూర్పు వైపు తలెత్తి చూడండి, కొట్ల నెత్తిన పోయే దారి కనిపిస్తుంది. దొరలు జనంలోకి దిగకుండా నడవడానికి 1565లో వసారి అనే వాస్తుశిల్పి కట్టింది.

కొనేవాళ్లు ముద్ర చూడండి. అక్కడ ఎక్కువగా 750, అంటే 18 క్యారెట్లు. నేను మన 916 లెక్కలో గొలుసు బేరమాడి నవ్వులపాలయ్యాను.

ఫొటో మాత్రం వంతెన మీద కాదు. సాయంత్రం పక్కనున్న శాంటా ట్రినిటా వంతెనెక్కండి. ఎండ మీ వీపున పడుతుంది, ఎదురుగా ఆ పసుపు గోడలు ఆర్నో నది నీళ్లలో కదులుతుంటాయి.