పూత మీదున్న మిరపకి ఎరువు ఎక్కువైతే

ఆకుల కొసలు అగ్గిపుల్లతో అంటించినట్టు మాడిపోయి, నిన్నటిదాకా నిండుగా ఉన్న పూత ఇవాళ కుండీ చుట్టూ రాలి ఉంటే ముందు చేతిలో ఉన్న ఎరువు డబ్బా పక్కన పెట్టేయండి. మొక్క నీరసంగా ఉంది కదా అని ఇంకో చెంచా వేసేది సరిగ్గా ఇక్కడే. నేనూ వేశాను. పోయిన ఫిబ్రవరిలో మా మిద్దె మీద ఆరు మిరప మొక్కలు మొగ్గ తొడగగానే ఆశ పుట్టి, ఒక్కోదానికి గుప్పెడు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే గింజల ఎరువు) వేసి నీళ్ళు పోశాను. వారం తిరక్కుండా నాలుగు మొక్కలు ఆకులు వాల్చేశాయి. మట్టి చూస్తే తడిగానే ఉంది, మొక్క మాత్రం నీళ్ళు లేనట్టు వేలాడుతోంది.

ఎందుకలా అంటే, మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకి ఉప్పు కలిపి ఉంచితే రాత్రికి రాత్రే ఊట దిగుతుంది కదా, అదే సంగతి. ఎరువు కూడా ఉప్పే. మట్టిలో లవణాలు ఎక్కువైతే వేరు నీళ్ళు పీల్చలేదు, మరీ ఎక్కువైతే వేరులో ఉన్న నీళ్ళే బయటికి వచ్చేస్తాయి. పొలంలో అయితే వాన పడితే ఆ ఉప్పు లోపలికి దిగిపోతుంది, వేరు పక్కకి తప్పుకుంటుంది. కుండీలో ఎటు పోతుంది చెప్పండి.

గుప్పెడు ఎంత ఎక్కువో నాకు లెక్క వేసుకున్నాకే అర్థమైంది. ఎకరానికి 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేశారనుకోండి. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకి 12 గ్రాములు. 12 అంగుళాల గ్రో బ్యాగ్ (కుండీ బదులు వాడే సంచి) పైభాగం 0.07 చదరపు మీటర్లు, కాబట్టి దాని వాటా ఒక్క గ్రాముకి కాస్త తక్కువే. నా గుప్పెడు తూకం వేస్తే 35 గ్రాములు వచ్చింది! పైగా డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం, పొటాష్ సున్నా. పూత, కాయ దశలో మొక్క ఎక్కువగా అడిగేది ఆ పొటాషే. నత్రజని ఎక్కువైతే ఆకులు ముదురాకుపచ్చగా, మందంగా ఏపుగా వస్తాయి, పూత నిలవదు.

అయితే మాడిన ప్రతి ఆకూ ఎరువు వల్లే మాడిందనుకోకండి. మిరపలో ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు, అంచులు కిందికి తిరిగితే తెల్లనల్లి, వాటి మందులు వేరు. పగలు ఎండ 35 డిగ్రీలు దాటితే పూత మామూలుగానే రాలుతుంది. ఎరువు దెబ్బ అయితే కొసలు ముందు మాడి, అక్కడినుంచి అంచుల వెంట లోపలికి వస్తుంది, అదీ ఎరువు వేసిన వారం పది రోజుల్లోపే. ఇంకో గుర్తు, కుండీ అంచు దగ్గర, మట్టి మీద తెల్లటి పొర. గోరుతో గీకితే పెళుసుగా పొడిలా రాలుతుంది, అదే ఉప్పు.

ఇప్పుడు కుండీలో మట్టిని నీళ్ళతో కడగాలి. ముందు పైన కరగకుండా ఉన్న గింజల్నీ, ఆ తెల్ల పొరనీ అంగుళం మట్టితో సహా తీసి పారేయండి (పక్క కుండీలో వేయకండి, నేను వేసి అదీ పోగొట్టుకున్నాను). తర్వాత అడుగు రంధ్రాలు చూడండి. నా వాటిలో రెండింటికి వేర్లు అల్లుకుని బెజ్జాలు మూసుకుపోయాయి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిస్తే గానీ నీళ్ళు రాలేదు. కింద పళ్ళెం ఉంటే తీసేసి బ్యాగుని రెండు ఇటుకల మీద ఎక్కించండి, లేకపోతే కారిన ఉప్పు నీళ్ళనే మట్టి మళ్ళీ పీల్చుకుంటుంది.

పొద్దున్నే, ఎండ ముదరకముందు మొదలుపెట్టండి. మొదట ఐదు లీటర్లు నెమ్మదిగా పోసి పావుగంట ఆగండి, ఆ కాస్త ఆగితేనే ఉప్పు కరుగుతుంది. ఆ తర్వాత విడతలు విడతలుగా మొత్తం మీద మట్టి ఎంత ఉందో దానికి రెండింతల నీళ్ళు పోవాలి. 12 అంగుళాల బ్యాగుకి దాదాపు 40 లీటర్లు, అంటే రెండు పెద్ద బకెట్లు. నాకైతే మొదట కాఫీ డికాక్షన్ రంగులో కారింది, రెండో బకెట్ సగమయ్యాక తేటపడింది. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) ఉంటే పని సులువు, నా మొదటి నీళ్ళు 3,000 దాటాయి, చివరికి 1,100 దగ్గర ఆపేశాను. అంతకంటే పెద్దగా కిందికి దిగదు కూడా, మా బోరు నీళ్ళే 800. వీలైతే నల్లా నీళ్ళో పట్టుకున్న వాన నీళ్ళో వాడండి. ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది.

మీ మట్టి బంకగా ఉండి నీళ్ళు నిలిచిపోయే రకమైతే ఇంత నీరు పోయకండి, వేరు కుళ్ళుతుంది. పైన రెండు మూడు అంగుళాలు గీకేసి, బాగా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కాస్త వర్మీకంపోస్ట్ నింపి సరిపెట్టుకోండి. మాగని కోడి ఎరువో, పల్లి చెక్కో దండిగా వేసి మాడ్చినా కడగటం ఒక్కటే సరిపోదు, అది కుళ్ళుతున్నంత కాలం నత్రజని వదులుతూనే ఉంటుంది, ఏరి తీసేయాల్సిందే. సేంద్రియం కాబట్టి ఎంత వేసినా పర్లేదు అనేవాళ్ళ మాట నమ్మకండి.

కడిగాక మూడు రోజులు నీడ వల కింద ఉంచండి. మళ్ళీ పైమట్టి వేలికి పొడిగా తగిలేదాకా నీళ్ళు వద్దు, రెండు వారాలు ఎరువు ఏదీ వద్దు, ఆకుల మీద పిచికారీ కూడా. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, దాన్ని చూస్తూ టెన్షన్ పడటం అనవసరం. సగానికి పైగా ఎండినవి తుంచేయండి, కొస ఒక్కటే పోయినవి ఉంచండి, మిగిలిన ఆ పచ్చదనమే మొక్కకి తిండి పెడుతుంది. కొత్త చిగురు కొస శుభ్రంగా వస్తే గండం గడిచినట్టే.

అప్పుడు 13:0:45 గానీ 0:0:50 గానీ (నీళ్ళలో కరిగే పొటాష్ ఎరువులు, అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరు నీళ్ళకి ఒక గ్రాము కలిపి, ముందే తడిపిన మట్టిలో మొక్కకి అర లీటరు, పది రోజులకోసారి. పొడి మట్టి మీద మాత్రం ఎప్పుడూ పోయకండి. గ్రాము తూచడానికి బంగారం తూచే చిన్న కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వంటింటి చెంచా కొలత నమ్మకండి. నా నాలుగు మొక్కల్లో ఒకటి దక్కలేదు, మిగతా మూడు మార్చి నెలాఖరుకి మళ్ళీ మొగ్గ వేశాయి.