'ఇన్ఫర్మేషన్స్', 'అడ్వైసెస్' అని వచ్చేస్తోందా? ఎందుకో చూద్దాం

సమస్య: మెయిల్లో 'ప్లీజ్ సెండ్ ద ఇన్ఫర్మేషన్స్', రెజ్యూమెలో 'సాఫ్ట్‌వేర్స్', ఇంటర్వ్యూలో 'మెనీ అడ్వైసెస్'. గ్రామర్ బాగా చదివినవాళ్ళకీ ఇవి దొర్లుతూనే ఉంటాయి.

కారణం: లెక్కపెట్టగలిగేవి కౌంటబుల్, లెక్కపెట్టలేనివి అన్‌కౌంటబుల్ అని బడిలో చెప్పిన ఒక్క ముక్కే చాలామందికి గుర్తుంటుంది, నా దృష్టిలో అసలు చిక్కంతా దానితోనే. డబ్బులు లెక్కపెడతాం, అయినా మనీ అన్‌కౌంటబులే. గదిలో కుర్చీలూ బల్లలూ ఎన్నున్నాయో చెప్పగలం, చైర్, టేబుల్ కౌంటబులే, కానీ అన్నిటినీ కలిపి ఫర్నిచర్ అంటే ఇక ఎస్ చేర్చకూడదు. కాబట్టి వస్తువుని కాదు, ఆ మాటని ఇంగ్లీషులో ఎలా వాడతారో చూడాలి. పైగా తెలుగులో సలహాలు, వార్తలు, సామాన్లు అని హాయిగా అనేస్తాం, పాలు, నీళ్ళు అయితే ఎప్పుడూ బహువచనమే, 'పాలు విరిగిపోయాయి' అనే అలవాటులో 'ద మిల్క్ ఆర్' అని నోటికొచ్చేస్తుంది.

పరిష్కారం: ఇన్ఫర్మేషన్, అడ్వైస్, సాఫ్ట్‌వేర్ లాంటి అన్‌కౌంటబుల్ మాటలకి చివర చేర్చిన ఎస్ తీసేయండి, ముందు 'ఎ' ఉంటే అదీ తీసేయండి, 'ఆర్' బదులు 'ఈజ్' పెట్టండి. ప్రశ్నల్లో మెనీ బదులు మచ్, మామూలు వాక్యాల్లో 'ఎ లాట్ ఆఫ్' బాగుంటుంది. ఇన్ని అని చెప్పితీరాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', 'టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్' అనండి, లేదా వేరే మాట వాడండి: లగేజీకి 'త్రీ బ్యాగ్స్', సాఫ్ట్‌వేర్‌కి 'టూ ప్రోగ్రామ్స్'.

న్యూస్‌లో ఎస్ ఆ మాటలోదే, దాన్ని ముట్టుకోవద్దు, కానీ 'ద న్యూస్ ఈజ్' అనాలి. 'ఐ హావ్ ఎ గుడ్ న్యూస్' కాదు, 'ఐ హావ్ సమ్ గుడ్ న్యూస్'.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా తికమక పెట్టేవి రెండు రకాలుగానూ నడిచే మాటలు. ఉద్యోగంలో అనుభవం అయితే 'ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్', అదే ప్రయాణంలో ఎదురైన సంఘటనలు అయితే 'ఎక్స్‌పీరియన్సెస్'. తలమీది జుట్టంతా 'హెయిర్', సాంబారులో తేలిన వెంట్రుక 'ఎ హెయిర్'. హోటల్లో 'టూ కాఫీస్' అంటే రెండు కప్పులని అర్థం కాబట్టి అదీ తప్పు కాదు.

అనుమానమొస్తే కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ డిక్షనరీ తెరవండి. నామవాచకం దగ్గర 'సి' ఉంటే కౌంటబుల్, 'యు' ఉంటే అన్‌కౌంటబుల్. రెండూ కనిపిస్తే మీకు కావలసిన అర్థం కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదివి, అచ్చం అలాగే వాడండి.